చప్పుడు లేని బడి

మా ఇంట్లో మూడు వారాలకొకసారి ఒక వారం మాటలు బందయ్యేవి. మొగుడూ పెళ్లాల కొట్లాట అనుకునేరు, అదేం కాదు. మా ఆయనకు మూడో షిఫ్టు పడిన వారమది. గోదావరిఖనిలో బొగ్గుబాయి మనుషుల ఇళ్లన్నింట్లో ఉండే సంగతే. రాత్రంతా భూమి కింద పనిచేసి పొద్దున వచ్చిన మనిషి పగలు పడుకుంటాడు. మధ్యాహ్నం లేచి ఇంత తిని, చౌరస్తా దాకా తిరిగొచ్చి, సాయంత్రం డ్యూటీకి ముందు మళ్లీ నడుం వాలుస్తాడు. ఆ రెండు నిద్రలకూ ఇల్లంతా కాపలా. మిక్సీ వద్దు, టీవీ వద్దు, గిన్నె మీద గిన్నె పెడితే చప్పుడు రావద్దు.

ఈ కాపలా నేను పుట్టింట్లోనే నేర్చుకున్నాను. మా నాన్నదీ బాయి పనే. నిద్ర చెడగొడితే ఆయనకు ఒళ్లు తెలిసేది కాదు, చేతికి ఏది అందితే అది విసిరేవాడు. ఒకసారి ఇత్తడి చెంబు నా చెవి పక్క నుంచి వెళ్లి గోడకు కొట్టుకుంది. నాకు తగల్లేదు కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెప్తున్నాను గానీ, ఆ రోజు నుంచి ఇంట్లో మగమనిషి పడుకున్నాడంటే నా పాదాలు వాటంతటవే మునివేళ్ల మీదికి లేచేవి. పెళ్లయి క్వార్టరుకు కాపురానికి వచ్చాక కూడా అంతే. కొన్నాళ్లకు నన్ను చూసి మా అత్త కూడా ఆ వారం గొంతు తగ్గించడం మొదలుపెట్టింది.

అట్లాంటి ఇంట్లో నేను బడి పెట్టాను. నవ్వకండి.

తండ్రి ఉద్యోగం కొడుక్కి రావడం ఆగిపోయిన రోజులవి. అప్పటిదాకా మా వాడలో చదువంటే పెద్ద పట్టింపు ఉండేది కాదు. పిల్లవాడు పది తప్పినా పర్వాలేదు, ఎప్పటికైనా బాపు ఉద్యోగం ఉండనే ఉంది. ఆ ధీమా పోయేసరికి అందరికీ ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియం గుర్తుకొచ్చింది. జ్యోతినగర్‌లో కరెంటు ప్లాంటు వాళ్ల పిల్లలు టై కట్టుకుని బడికి పోవడం మావాళ్లు స్కూటర్ల మీద వెళ్తూ వస్తూ చూసేవాళ్లు. నాకు డిగ్రీ ఉంది, నాలుగేళ్ల కూతురు ఉంది, ముందు వరండా ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. ఎంత కావాలో ఆ తర్వాత తెలిసింది.

మొదటి ఏడు తొమ్మిది మంది పిల్లలు, అందులో ఒకతి నా కూతురే. బాయిలో పనికిరాక పారేసిన కన్వేయర్ బెల్టు ముక్కలు మా వాడలో ప్రతి గడప ముందూ ఉండేవి, కాళ్లు తుడుచుకోవడానికి. అవే నాలుగు తెచ్చి కడిగి వరండాలో పరిచాను. మోకాళ్లకు నల్లటి మరకలు అంటుకుంటున్నాయని తల్లులు తిట్టారు. మరుసటి ఏడు ఆ తొమ్మిది మంది పై తరగతికి వచ్చారు, కింద ఇంకో పదిమంది చేరారు. ఆ మరుసటి ఏడు ఇంకో తరగతి. బడిని నేను పెంచానని అందరూ అంటారు గానీ అది అబద్ధం. పిల్లలు పెరుగుతుంటే వాళ్లతోపాటు అదీ పెరగక తప్పలేదు. పోయినేడు కుట్టించిన లాగు ఈ ఏడు పొట్టిదైనట్టు ఏడాదికోసారి వరండా పొట్టిదయ్యేది. ముందు రేకుల షెడ్డు వేశాం, ఎండాకాలం అందులో కూర్చుంటే పిల్లల తలలు ఉడికేవి. పక్కకు తడికలు కట్టాం, వానాకాలం జల్లు లోపలికి కొట్టేది. చేర్చుకున్న పంతులమ్మలు పెళ్లిళ్లు కుదరగానే చెప్పాపెట్టకుండా మానేసేవాళ్లు. ఒక తండ్రి డ్యూటీ బట్టలతోనే వచ్చి, కొడుకును నా ముందు నిలబెట్టి, "ఏది, ఇంగ్లీషుల ఏమన్న మాట్లాడు" అన్నాడు. వాడు బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. "ఆర్నెల్లకే మాట్లాడాల్నంటే నేను టీచర్ను కాదన్నా, దేవున్ని" అని నేను గయ్యిమన్నాను. ఆయన నవ్వి వెళ్లిపోయాడు, నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

బడికి గుర్తింపు లేదు. పిల్లల పేర్లు రికార్డులో పక్క వాడలోని ఒక గుర్తింపు ఉన్న బడిలో ఉండేవి. అప్పట్లో చిన్న బడులు చాలావరకు అట్లాగే నడిచేవి. ఆ బడి హెడ్మాస్టరు మంచి మనిషి. ఏ కాగితం పట్టుకుపోయినా సంతకం పెట్టి స్టాంపు వేసి ఇచ్చేవాడు. నడిచిపోతే పది నిమిషాలు.

ఇక మూడో షిఫ్టు వారం. లోపలి గదిలో మా ఆయన పడుకుని ఉంటే బయట అరవై మందితో బడి ఎట్లా నడిచేదంటే, చప్పుడు లేకుండా నడిచేది. ఆ వారం మొత్తం చేతిరాత, లెక్కలు, బొమ్మలు. ఎక్కాలు పైకి చదవడం లేదు, పద్యాలు లేవు. నేను ఒక వేలు చూపిస్తే తెలుగు, రెండు వేళ్లు చూపిస్తే లెక్కలు, అరచెయ్యి కిందికి చూపిస్తే కూర్చోవాలి. పిల్లలకు ఇది పెద్ద కష్టం కాలేదు. వాళ్ల ఇళ్లల్లోనూ బాపులు పడుకునేవాళ్లే. ఎవరైనా మరిచిపోయి గొంతెత్తితే పక్క పిల్లలే "సప్పుడు చెయ్యకు, సారు పండుకున్నడు" అని గుసగుసగా గదమాయించేవాళ్లు. మా ఆయన సారు కాదు, కోల్ కట్టర్. అయినా పిల్లలకు సారే.

ఈ పద్ధతి చూసి తల్లులు మురిసిపోయారు. "మీ బడి పిల్లలు ఎంత నిమ్మలం టీచరమ్మా! మా పెద్దోడు వేరే బడిల చదువుతడు, వాని లొల్లికి ఇల్లు పీకి పందిరేసినట్టుంటది" అనేవాళ్లు. నేనూ పొంగిపోయాను. మా పిల్లల చేతిరాత నిజంగానే ముత్యాల్లా ఉండేది. ఒక పంద్రాగస్టుకు కాలనీ క్లబ్బులో పద్యాల పోటీ పెడితే మావాళ్లు ఆరుగురు వెళ్లారు. ఆరుగురికీ పద్యాలు తప్పు లేకుండా వచ్చు. ఒక్కరి గొంతు కూడా రెండో వరస దాకా వినపడలేదు. మైకు మంచిది కాదని నేను మైకు పెట్టినవాణ్ణి నాలుగు దులిపి ఇంటికొచ్చాను. ఆ మైకులోనే తర్వాత వేరే బడి పిల్లవాడు చదివితే చౌరస్తా దాకా వినిపించింది. అదీ విన్నాను, అయినా మైకుదే తప్పన్నాను.

మా పిల్ల మూడో తరగతిలో ఉన్నప్పుడు కాళ్ల నొప్పులు మొదలయ్యాయి. సాయంత్రం ఆటలాడి వచ్చి గడప మీద కూర్చుని, రెండు పిక్కలూ పట్టుకుని, "అమ్మా, కాళ్లు గుంజుతున్నయే" అంది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను, తల ఎత్తలేదు. మా అత్త చూసి, "ఎదుగుడు నొప్పులే బిడ్డా. పొల్ల పొడుగైతాంది, బొక్కలు సాగుతున్నయ్" అని తేల్చింది. ఆ ఏడు నిజంగానే గోంగూర కట్టెలా సాగింది. జూన్‌లో కొన్న గౌను దసరాకు మోకాళ్ల పైకి పోయింది.

మొదటి షిఫ్టు వారమైతే సాయంత్రం వాళ్ల బాపు ఇంట్లో ఉండేవాడు. నువ్వుల నూనె వేడిచేసుకుని, పిల్ల కాళ్లు ఒళ్లో పెట్టుకుని, తీరికగా పిసికేవాడు. బొగ్గు గీతలు పోని ఆ గరుకు చేతుల కింద దాని సన్నటి పిక్కలు ఏమవుతాయోనని నాకు భయం. అదేమో హాయిగా కళ్లు మూసుకుని కబుర్లు చెప్పేది. రెండో షిఫ్టు వారం సాయంత్రాలు ఆయన డ్యూటీలో ఉంటాడు కాబట్టి ఆ పని నా మీద పడేది. నేను ఒక చేత్తో నోటుపుస్తకం దిద్దుతూ ఒక చేత్తో పిసుకుతూ "అయిందా? ఇంకెంతసేపే?" అనేదాన్ని. మూడో షిఫ్టు వారం మాత్రం దానికి నొప్పి వచ్చేది కాదు.

నేను టీచర్ను కదా, లెక్క గమనించాను. ఒక విడత, రెండు విడతలు, మూడు విడతలు చూశాను. రెండు వారాలు నొప్పి, మూడో వారం ఉండదు. ముద్దు చేసేవాడు మెలకువగా ఉంటే ఉంటుంది, తల్లి పలికితే ఉంటుంది, ఎవరూ పలకని వారం ఉండదు. అంటే ఏమిటి? గారాలు!

అయినా ఎందుకైనా మంచిదని దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు పెద్దాయన, ఓపికస్తుడు. మోకాళ్లు, మడమలు నొక్కి చూశాడు. జ్వరం వస్తుందా, వాపు ఉందా, ఒక కాలా రెండు కాళ్లా, పొద్దున లేచాక కుంటుతుందా అని అడిగాడు. రెండు కాళ్లూ నండీ, పొద్దున లేస్తే గంతులే అన్నాను. "పెరిగే పిల్లల్లో ఉండేదేనమ్మా, భయపడక్కర్లేదు. వేడినీళ్ల కాపడం, కాస్త మర్దన. కొన్నాళ్లకు అదే పోతుంది" అన్నాడు. అప్పుడు నేను గొప్పగా నా షిఫ్టుల లెక్క చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి నా వంక చూసి, "నొప్పికి షిఫ్టులు తెలియవమ్మా. మూడో వారం ఎందుకు ఉండటం లేదో పాపనే ఒకసారి అడగండి" అన్నాడు.

నేను అడగలేదు. ఆటోలో ఇంటికి వస్తూ దారి పొడవునా చెప్పాను. "డాక్టరు ఏం లేదన్నడు, విన్నవు గదా? ఇంకొకసారి కాళ్లు చేతులు అన్నవంటే చూడు, వేషాలు బంద్ చెయ్యి" అన్నాను. అది బయటి దిక్కు తిరిగి బసంత్‌నగర్ పోయే సిమెంటు లారీలను చూస్తూ కూర్చుంది.

మరుసటి ఏడు ఆ తొమ్మిది మంది నాలుగో తరగతికి వచ్చారు. ఇక్కడే గురుకులం సంగతి చెప్పాలి. గురుకులంలో ఐదో తరగతికి పరీక్ష పెట్టి తీసుకుంటారు. సీటు వస్తే చదువు, హాస్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లవే, పదో తరగతి అయ్యేదాకా తల్లిదండ్రులకు ఫికర్ ఉండదు. అక్కడ చదివిన మా వాడ పిల్లలు ఇద్దరు ఇంజనీరింగు దాకా పోయారు. అయితే ఆ పరీక్ష నాలుగో తరగతి చదివే ఏడే రాయాలి. ఆ ఏడు తప్పితే మళ్లీ లేదు.

మా తొమ్మిది మందిలో ముగ్గురిని నేనే ఆ పరీక్షకు తయారుచేశాను. సాయంత్రాలు వేరుగా కూర్చోబెట్టి పాత ప్రశ్నలు చేయించేదాన్ని. నా కూతురూ ఆ ముగ్గురి పక్కనే కూర్చునేది, ఇంట్లో ఉంది కాబట్టి. నిజం చెప్పాలంటే అందరికంటే ముందు అదే చేసి ఇచ్చేది. పిల్లలు నింపేటప్పుడు పాడుచేస్తారని ఫారాలు రెండు ఎక్కువే తెచ్చాను. ముగ్గురివీ నింపించి, పక్క బడికి పోయి హెడ్మాస్టరు సంతకాలు, స్టాంపులు వేయించుకొచ్చాను. ఆ ముగ్గురిలో ఒకడి తల్లి మా పక్కింటామె. ఫారం తీసుకుంటూ అడిగింది.

"మరి మీ బిడ్డతోని రాపియ్యవా అక్కా?"

"దాని కాళ్లకే దినాం ఒక మనిషి కావాలె. హాస్టల్ల ఎవలు పిసుకుతరు?" అన్నాను.

పిల్ల అక్కడే ఉంది. నోటుపుస్తకంలో మార్జిన్లు గీసుకుంటోంది. గీసిన గీత మీదే ఇంకోసారి గీసింది. అది నేను చూశాను.

కాళ్లు ఒక సాకు. అసలు సంగతి వేరే. జూన్‌లో ఐదో తరగతి తెరవాలి. ముగ్గురు గురుకులానికి పోతే మిగిలేది ఆరుగురు. అందులో నా కూతురు కూడా వెళ్లిపోతే, "టీచరమ్మ సొంత బిడ్డనే తన బడిల ఉంచుకోలే" అని వాడంతా అనదా? ఎవరు మిగులుతారు? ఆరేళ్లు నడిపిన బడికి అదే బోర్డు. గేటు మీద రంగులతో రాయించిన బోర్డు కాదు, నా కూతురే. ఇంకోటి కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. పిల్ల లేకుండా ఆ ఇంట్లో ఉండటం నావల్ల అయ్యే పని కాదు. ఈ రెండింట్లో ఏది ఎక్కువో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

మా ఆయన ఒక్కసారి అన్నాడు. "దాన్ని సుత రాయనియ్యరాదు?"

"తొమ్మిదేండ్ల పొల్లను హాస్టల్ల ఏస్తవా?" అని నేను కస్సుమన్నాను.

"నాకేమెరుక, టీచరమ్మవు నువ్వు" అని ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పిల్ల కాళ్ల నొప్పులు పూర్తిగా పోయాయి. మొదటి షిఫ్టు వారం లేదు, రెండో షిఫ్టు వారం లేదు, మూడోదానిలో ఎట్లాగూ లేదు. వాళ్ల బాపు నూనె గిన్నె పట్టుకుని వచ్చినా, "వద్దు బాపు, తక్కువైనయ్" అని లేచిపోయేది. నేను మా అత్తతో, "చూసినవా అత్తా, ఎదుగుడు నొప్పులు ఎదిగినంక పోయినయ్" అన్నాను. ఆమె వక్క నములుతూ లోపలికి పోయింది. నేను అప్పటికి ఐదో తరగతి పుస్తకాల పనిలో మునిగి ఉన్నాను.

ఫారాలకు ఆఖరు తారీఖు వచ్చింది, పోయింది. ఇంకో పదిహేను రోజులు గడిచాయి. మళ్లీ ఒక మూడో షిఫ్టు వారం. సాయంత్రం మా ఆయన లోపల రెండో నిద్రలో ఉన్నాడు. నేను వంటింట్లో తలకు రాసుకుందామని నూనె సీసా తీస్తే అడుగంటి ఉంది. నెల కూడా కాలేదు తెచ్చి.

"అత్తా, నూనె ఏమైంది?" అని గుసగుసగా అడిగాను.

"పొల్ల కాళ్లకు రాస్తున్న" అంది ఆమె కూడా గుసగుసగానే.

"దానికి కాళ్లు నొస్తలేవు గదా?"

"ఎవలు చెప్పిన్రు నొస్తలేవని? రోజు నొస్తయి. అందరు పండుకున్నంక నా మంచంల కొచ్చి పంటది, నేను పిసుకుత. నీకు చెప్పద్దని ఒట్టేయించుకున్నది. కాళ్లు నొస్తున్నయంటే అమ్మ హాస్టల్‌కు పంపదట."

అప్పుడు కూడా నా లెక్క నన్ను వదల్లేదు. "మూడో షిఫ్టు వారం సుతనా?" అన్నాను.

"గా వారమే ఎక్కువ. పొద్దుగూకంగ నొప్పి లేస్తది, బాపు పండుకోని ఉంటడు. నోట్ల నా కొంగు వెట్టుకోని పంటది. ఇయ్యాల నిన్నటి సంది కాదు, పోయినేటి సందే గట్ల."

పోయినేటి నుంచే. అంటే నేను డాక్టరు దగ్గర గొప్పగా లెక్క అప్పజెప్పినప్పుడు కూడా. సిగ్గుతో నా మొహం మండిపోయింది. అంతలోనే మా అత్త మీద కోపం వచ్చింది, ఇన్నాళ్లు నాకెందుకు చెప్పలేదని. ఆమె మీద ఎందుకు? నేను అడిగానా?

పిల్ల వరండాలో ఒక్కతే కూర్చుని అట్లాస్ చూస్తోంది. పక్కన కూర్చున్నాను. "హాస్టల్‌కు పోవాల్నని ఉండెనా?" అన్నాను, గుసగుసగానే. అది నా మొహం చూసి, అవ్వ చెప్పేసిందని గ్రహించింది. అట్లాస్ చివరి పేజీల్లోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. నేను ఎక్కువగా తెచ్చిన ఫారాల్లో ఒకటి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు అన్నీ నింపి ఉన్నాయి. మా బడిలో నేర్పిన చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. ఫోటో కూడా అంటించింది, గ్రూపు ఫోటోలోంచి తన మొహం కత్తిరించి. హెడ్మాస్టరు సంతకం ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ. పది నిమిషాలు నడిస్తే దొరికే సంతకం.

"అడుగకపోతివేందే?"

"అడుగుదామని వచ్చిన. ఒకపాలి నువ్వు పాఠం చెప్తున్నవ్. ఇంకోపాలి పేపర్లు దిద్దుతున్నవ్, కోపంల ఉన్నవ్." అది అట్లాస్ మూసింది. "అయినంక మూడో షిఫ్టు వచ్చింది."

"అయితే?"

"మూడో షిఫ్టుల మాట్లాడద్దు గదమ్మా. గా వారంల తారీఖు అయిపోయింది."

చెప్పి ఏడవడం మొదలుపెట్టింది. ఎట్లా ఏడ్చిందంటే, నోరు తెరిచి ఉంది, భుజాలు ఎగిరిపడుతున్నాయి, కళ్లు ధారలు కడుతున్నాయి, చప్పుడు లేదు. ఒక్క ముక్క చప్పుడు లేదు. ఆరేళ్లుగా అరవై మందికి నేను నేర్పింది ఇదే.

"ఏడ్వు బిడ్డా! గట్టిగ ఏడ్వు! లేస్తే లేవనియ్యి!" అని అరిచాను. మూడో షిఫ్టు వారంలో నా గొంతు అంత పైకి లేవడం పెళ్లయ్యాక అదే మొదలు. అది ఉలిక్కిపడి లోపలి గది తలుపు వంక చూసింది. నేను దాన్ని గుండెకు పొదువుకుని ముందు నేనే బావురుమన్నాను. అప్పుడు అదీ అందుకుంది. పక్కింటామె గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఎదురు క్వార్టరు వాళ్లు బయటికొచ్చారు. మా అత్త కూడా కూలబడి, పాపం ఎప్పటెప్పటి ఏడుపులన్నీ కలిపి ఏడ్చింది.

అంత రాద్ధాంతం జరిగాక భయం భయంగా లోపలికి తొంగిచూశాను. మా ఆయన కళ్ల మీద మోచెయ్యి పెట్టుకుని గురక పెడుతున్నాడు.

తర్వాత జరిగినవి చెప్పేస్తాను. మర్నాడు ఆ ఫారం పట్టుకుని హెడ్మాస్టరు దగ్గరికి పోయి సంతకం చేయించుకుని, గురుకులానికి కూడా పోయాను. గడువు దాటినవి తీసుకోవడం కుదరదని మర్యాదగానే చెప్పారు. ముగ్గురిలో ఇద్దరికి సీట్లు వచ్చాయి. నా కూతురు మా బడిలోనే ఐదో తరగతి చదివి, ఆరు నుంచి సర్కారు హైస్కూల్‌కు పోయింది. నేను ఐదుతోనే ఆపేశాను, బడిని ఆ పైకి పెరగనివ్వలేదు. మూడో షిఫ్టు వారం చేతిరాత వారాన్ని ఎత్తేశాను. మొదట్లో పిల్లలకు గొంతులు లేవలేదు, రెండు నెలలు పట్టింది. దాని కాళ్ల నొప్పులు ఆరో తరగతిలో ఉండగా డాక్టరు చెప్పినట్టే వాటంతటవే పోయాయి. ఈసారి అడిగి తెలుసుకున్నాను. తెలంగాణ వచ్చిన ఏడే అది పదో తరగతి పాసైంది, మంచి మార్కులతోనే. ఆ ఫారం సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తి నన్ను నాలుగు మాటలు అంటే బాగుండునని చాలాసార్లు అనిపించింది.

కానీ ఇదంతా రాయడానికి కూర్చుంటే నాకు ముందుగా గుర్తుకొచ్చేది ఆ సాయంత్రమే. మా ఆయన తన వేళకు తాను లేచాడు. మొహం కడుక్కుని, డ్యూటీ బట్టలు వేసుకుని వచ్చి, వాచిపోయిన మా మొహాలు చూసి, ఏమైందని అడిగాడు. చెప్పాను. ఫారం చేతికిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇంతమందిమి మొత్తుకుంటె నీకు ఇనరాలేదా?" అన్నాను.

"ఓపెన్‌కాస్టు గనిల బాంబులు పేలిస్తె మన గోడ మీది గిన్నెలు కింద పడ్తయి. నేను ఎన్నడన్న లేచిన్నా? రాత్రంత మిషన్ల సప్పుడుల పనిచేసెటోన్ని, మాటలకు లేస్తనా?"

"మరి ఎన్నడు చెప్పకపోతివి?"

"ఏం చెప్పాలె?" ఆయన నిజంగానే తెల్లబోయాడు. "నా నిద్ర కోసమని నాకేమెరుక? నువ్వు వచ్చిన కాన్నుంచి కోపమొస్తె తప్ప మెల్లగనే మాట్లాడుతవు. మీ పుట్టింటోళ్ల తీరే గంత కావచ్చు అనుకున్న. పొల్ల సుత తల్లి తీర్గనే నిమ్మలం అనుకున్న."

ఆయన డ్యూటీ బట్టల మీదే మంచంలో కూర్చుని, పిల్లను దగ్గరికి పిలిచి, దాని కాళ్లు ఒళ్లో పెట్టుకున్నాడు. సీసాలో మిగిలిన నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, "ఏడ నొస్తాందో చెప్పు బిడ్డా" అన్నాడు.

అది చెప్పబోతూ ఆగి, ముందు నా మొహం వంక చూసింది.